పప్పల్లుడు, పసుపు పంచె

పప్పులో కాలేయడం లోకంలో అందరూ చేసేదే. నేను ఏకంగా పంచె వేశాను. అదీ అత్తవారింట్లో, కొత్త అల్లుడి హోదాలో, రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మరుసటేడు. పసుపునీళ్లలో కాస్త సున్నం కలిపితే ఎర్రబడుతుందని హారతి పళ్లెం చూసిన ప్రతివాడికీ తెలుసు. నేనూ చూశాను. నా పెళ్లిలో ఆ పళ్లెం నా మొహం చుట్టూనే తిప్పారు. అయినా ఆ ఎరుపు పళ్లెంలో ఉంటే హారతి, పంచె మీద ఉంటే రక్తం అనుకునేటంత చదువు చదివాను.

అవి కర్నూలు రాజధాని అయిన కొత్తలు. నాకూ అన్నీ కొత్తలే. నంద్యాల హైస్కూల్లో సైన్సు అయ్యవారి ఉద్యోగం కొత్త, భార్య కొత్త, ఆళ్లగడ్డలో అత్తవారిల్లు కొత్త. ఇంటివాళ్లకు రుద్రవరం దారిలో పొలం ఉంది. మా మామగారు పొద్దున్నే పొలానికి పోయి, భోజనం వేళకు వచ్చి, అల్లుణ్ణి ఎగాదిగా చూసి, "ఏమప్పా, బాగుండావా" అని మళ్లీ పొలానికి పోయే మనిషి. ఆ ఒక్క మాటతో ఆ రోజుకు మర్యాద ముగిసేది. మిగతా మర్యాదల శాఖంతా మా బావమరిది చేతిలో ఉండేది.

బావమరిది మా ఆవిడకు తమ్ముడు. నాలుగు మాటలు మాట్లాడితే మూడు ఎగతాళి, ఒకటి దగ్గు. ఆ దగ్గుకు కారణం తాంబూలం. ఆకు నోట్లో లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. అతనికొక అలవాటు ఉంది, దాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. ఆకుకు సున్నం రాసి మడిచాక, వేలికి మిగిలిన సున్నాన్ని ఏది దగ్గరుంటే దానికి తుడిచేసేవాడు. స్తంభం దగ్గరుంటే స్తంభానికి, మంచం దగ్గరుంటే మంచం పట్టెకు, దూడ దగ్గరుంటే దూడ కొమ్ముకు, నేను దగ్గరుంటే నా భుజానికి. ఆ ఇంటి స్తంభాలకు ప్రత్యేకంగా వెల్ల వేయించే ఖర్చు ఉండేది కాదు. మనిషి కూడా సున్నం లాంటివాడే. చూడ్డానికి తెల్లని నవ్వు, తాకితే మంట.

అతను క్షారమైతే నేను ఆమ్లమన్నమాట. కాకపోతే బాగా నీళ్లు కలిపిన ఆమ్లం. మా ఇద్దరి మధ్యా మా ఆవిడ. ఆమెను నేను మనసులో 'బఫర్' అని పిలుచుకునేవాణ్ణి. పైకి పిలిచే ధైర్యం లేదు.

బఫర్ అంటే ఏమిటో నాకు చదువుకునే రోజుల్లోనే అవమానపూర్వకంగా తెలిసింది. బలంలేని ఆమ్లం ఒకటి, దాని లవణం ఒకటి తగుపాళ్లలో కలిపితే వచ్చే ద్రావణం అది. ఆమ్లం పోస్తే లవణం లోపలికి లాగేసుకుంటుంది, క్షారం పోస్తే ఆమ్లం సర్దేస్తుంది. కొట్లాటకు వచ్చినవాణ్ణి ఒక చెయ్యి పట్టుకుని ఇంట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చినట్టు. మాకు ప్రయోగంలో అలాంటి ద్రావణం ఒకటి ఇచ్చి, రంగు మార్చే సూచిక చుక్క అందులో వేసి, ఆసిడ్ పొయ్యమన్నారు. నేను చుక్క పోశాను. రంగు మారలేదు. ఇంకో చుక్క. మారలేదు. మారకపోవడమే ఆ ప్రయోగం అని వినకుండా, "సార్, సీసాలో ఎవరో నీళ్లు పోసిపెట్టారు" అని గదంతా వినిపించేలా ఫిర్యాదు చేశాను. లెక్చరరు గారు ఆ సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టారు. ఆ ఘాటుకు ఆ పూట హాస్టల్లో సాంబారుకూ మజ్జిగకూ తేడా తెలియకుండానే భోంచేశాను.

మా ఆవిడ సరిగ్గా ఆ ద్రావణమే. తమ్ముడు నన్నొకటి అంటే తమ్ముణ్ణి కసిరేది. నేను తమ్ముణ్ణి ఒకటంటే నన్ను కసిరేది. ఆమె రంగు మాత్రం మారేది కాదు.

ఇక పప్పు సంగతి. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త అల్లుడు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి మీదే వడ్డించాలి. అల్లుడు అలిగితే ఇంకా మంచిదట, మళ్లీ వడ్డించవచ్చు. ఆ మధ్యాహ్నం విస్తట్లో ఓళిగలు, నెయ్యి, పప్పు. నా ఒంటి మీద మామగారు పెట్టిన జరీ అంచు తెల్లపంచె. చేతిలో పప్పుగిన్నెతో బావమరిది.

"చెయ్యి తియ్ బావా."

"చాలప్పా, కడుపు నిండింది."

"నిండితే నిండనీ. ఇది కడుపుకు కాదు, మర్యాదకు."

నేను ఒక చెయ్యి అడ్డం పెట్టాను. అతను పక్కనుంచి వచ్చాడు. రెండో చెయ్యి పెట్టాను. అతను పై నుంచి వచ్చాడు. నేను చేతులూ విస్తరీ కలిపి కాపాడుకునేందుకు ముందుకు వంగాను. ఇద్దరి మర్యాదల మధ్య గరిటె దారి తప్పింది. వేడి వేడి పప్పు నా ఒడిలో పడింది.

"ఏం ఫరవాలేదు" అంటూ లేచి, నవ్వుతూనే పెరట్లోకి పరిగెత్తాను. తడికె చాటున నీళ్ల తొట్టి, సున్నపు గోడ మీద ఒక సబ్బు ముక్క. మామగారు పెట్టిన పంచె మొదటి రోజే పసుపు మరకతో ఆయన కళ్లబడకూడదని నా తాపత్రయం. విప్పితే కట్టుకోవడానికి ఇంకోటి దగ్గర లేదు కనక, కట్టుకున్న పంచెనే తడిపి, సబ్బు పట్టించి, గట్టిగా రుద్దాను.

పచ్చగా ఉన్నది కాస్తా ఎర్రబడింది.

ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడింది. తొడ అంతా నెత్తురు ముద్ద. అప్పటికే పప్పు వేడికి చర్మం చురచురమంటోంది. చూసేదాకా మంట మాత్రమే ఉంది, చూశాక పోటు కూడా మొదలైంది. సబ్బు కూడా సున్నం లాంటి క్షారమేనని తట్టలేదు. మా కాలేజీలో రంగు మారే సూచికలు సీసాల్లో ఉండేవి, పప్పుగిన్నెల్లో కాదు. "అమ్మా" అని ఒక్క కేక పెట్టి తొట్టి పక్కన కూలబడ్డాను.

ముందుగా వచ్చింది మా అత్తగారు. "అయ్యో నా తల్లీ! రక్తం! అల్లునికి రక్తం పోతాంది!" అని ఆమె వేసిన కేకతో నాకు ఉన్న కాస్త స్పృహా పోయింది.

మళ్లీ కళ్లు తెరిచేసరికి నేను నులకమంచం మీద వెల్లకిలా పడి ఉన్నాను. మంచం వీధిలో నడుస్తోంది. నాలుగు కోళ్లూ నలుగురు పట్టుకున్నారు. ముందర మా బావమరిది దారి చేస్తున్నాడు. అతనూ నిజంగానే హడలిపోయాడని ఒప్పుకోవాలి. నోట్లో ఆకు లేదు.

"జరగండప్పా, జరగండి! మా బావకు దెబ్బ తగిల్నాది!"

"యాడ తగిల్నాది?" అని అరుగు మీది ముసలాయన.

"యాడనో చెప్పేదానికి ల్యా! జరగండి!"

మంచం రెండో వీధికి తిరిగేసరికి నన్ను ఎద్దు పొడిచింది. మూడో వీధిలో ఆ ఎద్దు ఎవరిదన్న తగువు వచ్చింది. "పాపం, ఎద్దుకేం తెలుసు కొత్తల్లుడని" అని ఎవరో ఆడమనిషి అనడం నాకు స్పష్టంగా వినబడింది. మా ఆవిడ మంచం వెంట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరిగెత్తుతోంది. ఏడుపనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సందేహం.

డాక్టరు గారు పెద్దాయన. భోజనం మధ్యలో లేచి వచ్చారు. కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. తర్వాత కళ్లజోడు తీసేసి, ముక్కుతో చూశారు.

"ఇది రక్తమా?"

"అవును సార్" అన్నాను నీరసంగా.

"ఇంగువ వాసన వస్తాందే. తాలింపు పెట్టిన రక్తాన్ని నేనింతవరకు చూడలేదప్పా."

లోపలికి పోయి, తన విస్తట్లోంచి నిమ్మచెక్క తెచ్చి, నా పంచె మీద పిండారు. ఎరుపు పోయి పసుపు వచ్చింది. రక్తం మళ్లీ పప్పయింది. మంచం మోసిన నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. తొడ మీద కాస్త కమిలిన చోట ఆయన వెన్న రాయించి, "ఏం చదివినావప్పా?" అని అడిగారు.

"కెమిస్ట్రీ" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

"సరే. ఎవరికీ చెప్పొద్దులే."

నేను చెప్పలేదు. మా బావమరిది చెప్పాడు. వచ్చేటప్పుడు మంచం మీద వచ్చినవాణ్ణి, పోయేటప్పుడు నడిచి పోతుంటే అదే అరుగు మీది ముసలాయన, "ఏమప్పా, ఎద్దు?" అన్నాడు. "ఎద్దు కాదు తాతా, పప్పు!" అన్నాడు బావమరిది, కొత్త ఆకు మడుస్తూ, వేలి సున్నం నా భుజానికి తుడుస్తూ. ఆ సాయంత్రానికే నాకు 'పప్పల్లుడు' అని పేరు స్థిరపడింది. ఊళ్లో ఎవరికీ అసలు పేరుతో పని లేకపోయింది. శాస్త్రప్రకారం పెట్టిన పేరు కన్నా శాస్త్రం తెలియక వచ్చిన పేరు గట్టిది.

ఆళ్లగడ్డలో ఎవరేమన్నా భరించగలను. నా భయమంతా నంద్యాల గురించి. మా స్కూల్లో పిల్లలు ప్రతి అయ్యవారికీ ఒక పేరు పెట్టారు. లెక్కల అయ్యవారు 'సున్నా', తెలుగు అయ్యవారు 'అయినప్పటికిన్ని', డ్రిల్లు అయ్యవారు 'కదలొద్దు'. నా జాగా ఒక్కటే ఇంకా ఖాళీగా ఉంది. దానికి తోడు హెడ్మాస్టరు గారు కొత్తగా కట్టే లాబొరేటరీని నా చేతిలో పెడదామని చూస్తున్నారు. పప్పుకూ రక్తానికీ తేడా తెలియనివాడికి ఆసిడ్ సీసాలు ఎవరు అప్పగిస్తారు? ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు ఉంది. బస్సులో మనుషులే కాదు, మనుషుల పేర్లు కూడా టికెట్ లేకుండా ప్రయాణం చేస్తాయి.

ఈ సంగతి బావమరిదికి బాగా తెలుసు. పనిమీద నంద్యాలకు వచ్చినప్పుడల్లా స్కూలు గేటు దగ్గర నిలబడి, పిల్లలకు వినబడీ వినబడనట్టు, "బావా, ఆ పప్పు పాఠం ఎప్పుడు చెప్తాండావ్?" అనేవాడు. నేను బెల్లు కొట్టకుండానే పిల్లల్ని లోపలికి తోలేవాణ్ణి. ఇంటికి తీసుకుపోయి మా ఆవిడ చేత కాఫీ ఇప్పించేవాణ్ణి. పోతూ పోతూ అతను మా ఇంటి కొత్త తలుపుకు సున్నం తుడిచి పోయేవాడు. ఆమె తలుపు కడిగేది.

"మీ తమ్ముడికి చెప్పకూడదా?" అనేవాణ్ణి.

"వాడు చిన్నోడు. మీరు పెద్దోళ్లు. గమ్మునుండండి" అనేది. అంటే బఫర్ పనిచేస్తోందని అర్థం.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు, నా పరువు కూడా ఏదో ఒక వైపు పోయే ముహూర్తం వచ్చింది. బావమరిదికి పెళ్లి కుదిరింది. అమ్మాయిది నంద్యాల. అమ్మాయి ఎవరో కాదు, మా హెడ్మాస్టరు గారి తమ్ముడి కూతురు. పెళ్లి వాళ్లింటి ముందరే, మా స్కూలు వెనక వీధిలో. వడ్డనకు మా స్కూలు పెద్దపిల్లలు. బంతిలో మొదటి వరసలో హెడ్మాస్టరు గారు. నా అత్తవారిల్లు నడిచి వచ్చి నా ఉద్యోగం పక్కన కూర్చున్నట్టయింది.

పెళ్లికి ముందురోజు విడిదింట్లో బావమరిది ప్రకటించాడు. "రేపు బంతిలో పెండ్లికొడుకు ఏదన్నా నవ్వులకత చెప్పాలంట, ఈళ్ల ఆచారం. నాకు వచ్చింది ఒకటే కత బావా."

"వద్దప్పా. ఆడ మా హెడ్మాస్టరు ఉంటాడు."

"ఉండాలనే గదా చెప్పేది! ఆయనకే వడ్డిస్తా ఫస్టు."

మా ఆవిడ అక్కడే పసుపు కలుపుతోంది. మా అత్తవారి వైపు పెళ్లికొడుకు తాళి కట్టే వేళకు పసుపునీళ్లలో ముంచి ఆరేసిన పంచె, ఉత్తరీయం కట్టుకోవాలి. తమ్ముడి బట్టలు అక్కే ముంచాలి. "ఒరే, ఆ మాట ఎత్తొద్దు. ఆయన ఉజ్జోగం ఈడ" అంది.

"నీ మొగుని ఉజ్జోగం పప్పులో ఉడికిపోతాదా యాందక్కా?" అని నవ్వి, ఆకు మడిచి, వేలికి మిగిలిన సున్నం ఆమె పట్టుచీర కొంగుకు తుడిచి వెళ్లిపోయాడు.

బఫర్‌కు ఒక హద్దు ఉంటుందని మా లెక్చరరు గారు చెబుతుండేవారు. చుక్క చుక్కగా పోస్తుంటే తట్టుకుంటూ తట్టుకుంటూ వస్తుంది. లోపల సరుకు అయిపోయాక, ఇంకొక్క చుక్క చాలు, ద్రావణం ఒక్కసారిగా రంగు మారుస్తుంది. ఆ చుక్కను నేను ఆ రోజు కళ్లారా చూశాను. మా ఆవిడ కొంగు చూసుకుంది. పసుపు నీళ్ల గంగాళం చూసింది. నన్ను చూసింది.

"రేపు వాడు కట్టుకునేది పసుపు పంచె గదా?"

"అవును."

"పీట మీద వాని పక్కన స్తంభం ఉండదు గదా?"

"ఉండదు."

"అయితే వాడు వేలు యాడ తుడుస్తాడో మీకు తెలుసు గదా?"

ఇన్నేళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమెకు నమస్కారం పెట్టాలనిపించింది. "సున్నం నేను తడిపిస్తా, బాగా చిక్కంగా" అంది.

మర్నాడు తాళి కట్టడం అయింది. తలంబ్రాలయ్యాయి. అంతసేపు ఆకు లేక బావమరిది నోరు తపస్సు చేసింది. పసుపు పంచెలో, చేతిలో చిన్న కత్తి, దిష్టి తగలకుండా దాని మొనకు గుచ్చిన నిమ్మకాయతో పీట మీద కూర్చుని దిక్కులు చూస్తున్నాడు. బంతికి ఇంకా విస్తర్లు వేస్తున్నారు. మా ఆవిడ ప్రేమగా ఆకులూ వక్కలూ సున్నం గిన్నె తెచ్చి ముందర పెట్టింది.

"అక్కా, నువ్వే నా తల్లివి" అన్నాడు.

ఒక చేతిలో కత్తి. రెండో చేత్తో సున్నం తీశాడు. చిక్కగా ఉండి వేలికి ముద్దలా వచ్చింది. ఆకుకు రాశాడు, మడిచాడు, నోట్లో పెట్టాడు. కుడి పక్క చూశాడు, కొత్త పెళ్లికూతురు. ఎడమ పక్క చూశాడు, పురోహితుడు. ఇద్దరికీ తుడవడం బాగుండదని తోచినట్టుంది. నింపాదిగా తన తొడకు తుడుచుకున్నాడు. కొంచెం మిగిలితే మళ్లీ తుడుచుకున్నాడు. సరిగ్గా నా పప్పు పడ్డ చోటే.

పెళ్లికూతురి అవ్వ ఎదురుగా కూర్చుని ఉంది. ముందు ఆమెకే కనబడింది.

"అయ్యయ్యో! పెండ్లికొడుక్కి కత్తి గుచ్చుకున్నాది! రక్తం! బేగా రాండి!"

పందిరి పందిరంతా లేచింది. బావమరిది కిందికి చూసుకుని, ఒక్క క్షణం అదిరి, వెంటనే సంగతి గ్రహించాడు. తెలివైనవాడే. కాని నోటినిండా ఆకు. "ఇది రక్తం కాదవ్వా, సున్నం" అని ఆ ఆకులోంచే అనబోతే ఎర్రటి రసం గడ్డం మీదికి కారింది. "నోట్లోంచి గుడక వస్తాంది!" అని అవ్వ గుండెలు బాదుకుంది.

"మంచం తెండి!" అన్నారెవరో. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం పట్టా పుచ్చుకున్న రోజు కూడా కలగలేదు. మంచం వచ్చింది. నలుగురు పట్టుకుని అతన్ని ఎత్తి పడుకోబెట్టారు. హెడ్మాస్టరు గారు స్వయంగా ఒక కోడు పట్టుకున్నారు.

"బావా! నువ్వు చెప్పు బావా! నీ మాటయితే ఇంటారు!" అని అరిచాడు, ఆకు ఉమ్మేసి.

నేను మంచం దగ్గరికి పోయి అతని చెవి దగ్గర వంగాను. "ఏం చెప్పాలప్పా? పప్పు కాణ్నుంచి మొదలుపెట్టాలంటే చానా పొద్దయితాదే."

"పప్పు మాట ఎత్తను బావా. ఈ నంద్యాలలో ఎత్తను. ఒట్టు."

"దేని మీద?"

మంచం కదులుతోంది. ఒట్టు వేయడానికి అతని చేతిలో ఒకటే ఉంది. "ఈ నిమ్మకాయ మీద!"

"అయ్యా, ఆపండి" అన్నాను నలుగురితో, గొంతు బరువు చేసుకుని. అతని చేతిలో కత్తి తీసుకుని, ఆ కత్తితోనే ఆ నిమ్మకాయ కోసి, అతని తొడ మీద పిండాను. ఎరుపంతా పసుపయింది. వడ్డనకు వచ్చిన మా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. "పసుపు సూచిక. సున్నం క్షారం. నిమ్మరసం ఆమ్లం" అన్నాను. అంతకన్నా పొడుగ్గా మాట్లాడితే నవ్వొచ్చేస్తుందని భయం. హెడ్మాస్టరు గారు మంచం కోడు వదిలేసి నా చెయ్యి పట్టుకున్నారు. "లాబొరేటరీ తాళాలు సోమవారం వచ్చి తీసుకో" అన్నారు. పిల్లలు అక్కడికక్కడే నా ఖాళీని భర్తీ చేసి 'నిమ్మకాయ' అని పేరు పెట్టారు. ఫరవాలేదు. పప్పు కలిపేస్తారు. నిమ్మకాయనైతే విస్తట్లో పక్కన మర్యాదగా కూర్చోబెడతారు.

బంతిలో పెళ్లికొడుకు ఏదో నక్క కథ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం బాగా నవ్వాను.

ఒట్టు నిలబెట్టుకున్నవాణ్ణి మెచ్చుకోవాలి కదా. భోజనాలయ్యాక, ఊరేగింపుకు లేచేటప్పుడు దగ్గరికి పోయి, "బాగుండు అబ్బీ" అని అతని వీపు మీద ఆప్యాయంగా తట్టాను. అంతకు ముందు మా ఆవిడ సున్నం గిన్నె నా ముందుకు జరపడమూ, నేను అందులో అరచెయ్యి అద్దడమూ అతను చూడలేదు. అరచెయ్యి కాస్త మండింది. ఆ మాత్రం మంట ఓర్చుకోవచ్చు.

మేళం మొదలైంది. పెళ్లికొడుకు వీధిలో ఠీవిగా నడుస్తుంటే జనం ఎదురుగా నిలబడి దండలు చూశారు, బాసికం చూశారు. మా ఆవిడా నేనూ వెనకాల నడిచాం. పసుపు ఉత్తరీయం మీద ఐదు వేళ్లూ అరచెయ్యీ ఎర్రగా, గీతలతో సహా, ఊరు దాటేదాకా మా ముందరే నడిచాయి. తుడుద్దామంటే ఉన్న ఒక్క నిమ్మకాయా పిండేశానాయె.